వ్యసన శబ్దం – లైంగిక ప్రవర్తన వర్గీకరణ: యయాతి, అజామిళ కథలు, ‘చిల్లర దేవుళ్లు’ నవల ఆధారంగా ఒక పరిశీలన

ప్రవేశిక

ఓరుగల్లు ప్రాంతం నుంచి ఏర్పడిన మూడు జిల్లాల్లో ఇటీవల ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. మహబూబాబాద్‌లో 2022లోనూ, జనగామ, భూపాలపల్లిలలో 2023లోనూ బోధన మొదలైంది. ఈ కళాశాలల్లో వైద్యశాస్త్ర బోధన ఆంగ్లంలో జరుగుతుంది. వాటి అనుబంధ ఆసుపత్రులకు వచ్చే రోగి తన బాధను తెలుగులో చెప్పుకుంటాడు. శరీర బాధల విషయంలో ఈ రెండు భాషల మధ్య దూరం పెద్ద చిక్కు కాదు. మానసిక బాధల విషయంలో, అందులోనూ లైంగిక ప్రవర్తనకు సంబంధించిన వాటిలో, రోగి ఎంచుకునే మాటలోనే ఒక తీర్పు ఇమిడి ఉంటుంది. ‘తిరుగుబోతు’, ‘ఆడపిచ్చి’, ‘యావ’ వంటి మాటలు ప్రవర్తనను వర్ణించే ముందే మనిషిని దోషిగా నిలబెడతాయి. వీటికి బదులుగా విద్యావంతుల తెలుగులో స్థిరపడుతున్న మాట ‘వ్యసనం’. తాగుడు వ్యసనం, జూద వ్యసనం అన్నట్టే లైంగిక వ్యసనం అనడం పత్రికల్లోనూ సలహా శీర్షికల్లోనూ సహజమైపోయింది.

అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను వ్యసనంగా వర్గీకరించవచ్చునా అన్న ప్రశ్న వైద్యశాస్త్రంలో నాలుగు దశాబ్దాలుగా చర్చలో ఉంది. అదే ప్రశ్న తెలుగులో అడిగినప్పుడు దానికి మరొక పొర చేరుతుంది. ‘వ్యసనం’ అనే శబ్దానికి వైద్యంతో నిమిత్తం లేని ఒక దీర్ఘ చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలించి, ఈ ప్రాంతంతో సంబంధం ఉన్న రచనలలో అదుపు తప్పిన కామం ఏయే రూపాల్లో చిత్రితమైందో విశ్లేషించి, వర్గీకరణ చర్చకు సాహిత్య అధ్యయనం నుంచి చేకూరే తోడ్పాటును నిర్ధారించడం ఈ వ్యాసం లక్ష్యం. ఇందుకు ప్రధాన ఆధారాలు మూడు: బమ్మెర పోతన భాగవత నవమ స్కంధంలోని యయాతి కథ, ఏర్చూరి సింగన రచించిన షష్ఠ స్కంధంలోని అజామిళోపాఖ్యానం, దాశరథి రంగాచార్య నవల ‘చిల్లర దేవుళ్లు’. పాల్కురికి సోమనాథుని బసవపురాణం పోలికకు తోడ్పడుతుంది. పోతన ఊరుగా సంప్రదాయం చెప్పే బమ్మెర, సోమనాథుని పాలకుర్తి నేటి జనగామ జిల్లాలోనివి. రంగాచార్య జన్మస్థలమైన చిన్నగూడూరు మహబూబాబాద్ జిల్లాలోనిది.

వ్యసన శబ్దం – అర్థ పరిధి

సంస్కృతంలో ‘వ్యసన’ శబ్దానికి ఆపద, దుఃఖం అనే అర్థాలూ, దురభ్యాసం అనే అర్థమూ ఉన్నాయి. మనిషిని శ్రేయస్సు నుంచి దూరంగా విసరివేసేది వ్యసనమని కౌటిల్యుడు అర్థశాస్త్రం ఎనిమిదవ అధికరణంలో ఈ శబ్దానికి వ్యుత్పత్తి చెప్పాడు. కావ్యభాషలో ‘వ్యసనపడు’ అంటే దుఃఖించు. ఆధునిక వ్యవహారంలో ఈ అర్థం వెనుకబడి, దురభ్యాసమనే అర్థమే మిగిలింది. అంటే ఒకప్పుడు బాధపడేవాడికీ, తప్పు చేసేవాడికీ ఒకే మాట వర్తించేది. నేడు ఆ మాట తప్పు చేసేవాడికే పరిమితమైంది.

తెలుగు పాఠకుడికి వ్యసనం అనగానే స్ఫురించేది సప్తవ్యసనాల పట్టిక: స్త్రీ, జూదం, మద్యపానం, వేట, పరుషమైన మాట, కఠిన దండన, ధనాన్ని దుర్వినియోగం చేయడం. మొదటి నాలుగు కామం నుంచి, తక్కిన మూడు కోపం నుంచి పుట్టినవని రాజనీతి గ్రంథాల విభజన. ఈ పట్టికను వైద్య చర్చతో ముడిపెట్టే ముందు మూడు విషయాలు గమనించాలి.

మొదటిది, ఇది రాజు కోసం తయారైన పట్టిక. ఏ వ్యసనం మరొకదాని కంటె ప్రమాదకరమన్న తులనాత్మక చర్చలో కౌటిల్యుడు కొలమానంగా తీసుకున్నది రాజ్యానికీ రాజుకూ కలిగే నష్టాన్ని. వ్యసనపరుడి అంతరంగ స్థితి అక్కడ ముఖ్యం కాదు. రెండవది, కఠిన దండన, పరుష వాక్కు కూడా ఇదే పట్టికలో ఉన్నాయి. నోటి దురుసును ఎవరూ నేడు వైద్యపరమైన వ్యసనంగా పరిగణించరు. కాబట్టి పట్టికలో ఉన్నందువల్లనే ఒక ప్రవర్తన వైద్యార్థంలో వ్యసనం కాజాలదు. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ పట్టికలో పాచికలు, మద్యం, వేటమృగం ఏ స్థానంలో ఉన్నాయో స్త్రీ కూడా ఆ స్థానంలోనే ఉంది. వ్యసనానికి కర్త పురుషుడు, విషయం స్త్రీ. ఆమెకు కలిగే నష్టం ఈ లెక్కలోకి రాదు.

ఆధునిక వైద్య వర్గీకరణ

పాశ్చాత్య దేశాల్లో ‘సెక్స్ అడిక్షన్’ అన్న భావనకు ప్రాచుర్యం కల్పించిన రచన అమెరికన్ రచయిత ప్యాట్రిక్ కార్న్స్ 1983లో ప్రచురించిన ‘ఔట్ ఆఫ్ ది షాడోస్’. మద్యపాన విముక్తి ఉద్యమాల అనుభవాన్ని లైంగిక ప్రవర్తనకు అన్వయించడం దాని పద్ధతి. అమెరికన్ మనోవైద్య సంఘం 1987 నాటి డీఎస్ఎం-3 సవరణ ప్రతిలో లైంగిక అడిక్షన్ ప్రస్తావన చోటుచేసుకుంది. 1994లో వెలువడిన డీఎస్ఎం-4 దానిని తొలగించింది. డీఎస్ఎం-5 రూపకల్పన సమయంలో మార్టిన్ కాఫ్కా 2010లో ‘హైపర్‌సెక్సువల్ డిజార్డర్’ అనే కొత్త విభాగాన్ని ప్రతిపాదించినా, 2013లో వెలువడిన గ్రంథంలో దానికి స్థానం దక్కలేదు. అదే గ్రంథం జూదాన్ని మాత్రం మద్యం, మాదకద్రవ్యాలతో పాటు అడిక్షన్ విభాగంలో చేర్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మధ్యేమార్గాన్ని ఎంచుకుంది. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ, అంటే ఐసీడీ-11, ‘కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్’ను ఒక రుగ్మతగా గుర్తించింది. అయితే జూదాన్నీ వీడియో ఆటలనూ ఉంచిన వ్యసన ప్రవర్తనల విభాగంలో దానిని ఉంచలేదు. దొంగిలించాలన్న, నిప్పు పెట్టాలన్న ప్రేరణను ఆపుకోలేని స్థితులున్న ప్రేరణ నియంత్రణ రుగ్మతల విభాగంలో చేర్చింది. తీవ్రమైన లైంగిక ప్రేరణలను అదుపు చేసుకోలేకపోవడం చాలాకాలం, సాధారణంగా ఆరు నెలలు లేదా అంతకు మించి, కొనసాగాలి. ఆరోగ్యాన్నీ బాధ్యతలనూ విస్మరించేంతగా ఆ ప్రవర్తనే జీవితానికి కేంద్రం కావడం, మానుకోవాలని పదేపదే ప్రయత్నించి విఫలం కావడం, నష్టం కలుగుతున్నా కొనసాగించడం, తృప్తి అంతగా లేకపోయినా, అసలే లేకపోయినా కొనసాగించడం దాని లక్షణాలు. కేవలం నైతిక తీర్పు వల్ల, తన ప్రవర్తన పట్ల తనకే కలిగిన అసమ్మతి వల్ల పుట్టిన వేదన ఒక్కటే ఈ నిర్ధారణకు చాలదని ఐసీడీ-11 స్పష్టంగా చెప్పింది. కోరిక తీవ్రంగా ఉన్నంత మాత్రాన, అదుపు చెడనప్పుడు, అది రుగ్మత కాదు.

అడిక్షన్ నమూనాను సమర్థించేవారి వాదాలు తేలికైనవి కావు. ప్రేరేపకాలు ఎదురైనప్పుడు మెదడు స్పందించే తీరులో మాదకద్రవ్యాల విషయంలో కనిపించిన పోలికలు కొన్ని ఇక్కడా కనిపించాయని వారు చూపుతారు. పదార్థమేదీ లేని జూదాన్ని అంగీకరించినప్పుడు దీనిని నిరాకరించడంలో తర్కమేమిటని ప్రశ్నిస్తారు. ‘నువ్వు చెడ్డవాడివి’ అనడం కంటె ‘నీకు వ్యసనం ఉంది’ అనడం మనిషిని చికిత్స వైపు నడిపిస్తుందని అంటారు. ఆధారాలు ఇంకా చాలవన్నది, నైతిక అపరాధ భావనకే వ్యాధి పేరు పెట్టే ప్రమాదముందన్నది విమర్శకుల ప్రత్యుత్తరం. ఈ చర్చలో మెదడుకు సంబంధించిన అంశాన్ని తేల్చే అధికారం సాహిత్య విమర్శకు లేదు. పేరు పెట్టడంలో ఏది కనిపిస్తుంది, ఏది కనుమరుగవుతుంది అన్న అంశం మాత్రం దాని పరిధిలోనిదే.

యయాతి – తీరని తృష్ణ

నవమ స్కంధంలో అదుపు తప్పిన కామానికి యయాతి కథ ప్రసిద్ధ ఉదాహరణ. శుక్రాచార్యుని శాపంతో అకాల వార్ధక్యం పొందిన యయాతి కుమారులను యౌవనం అడుగుతాడు. యదువు మొదలైన వారు నిరాకరిస్తారు. చిన్నవాడైన పూరువు తండ్రి ముసలితనాన్ని తీసుకుని తన యౌవనాన్ని ఇస్తాడు. వేయి సంవత్సరాలు భోగాలు అనుభవించిన తర్వాత కూడా యయాతికి తృప్తి కలగదు. అప్పుడతడు దేవయానికి ఒక మేకపోతు కథ చెబుతాడు. బావిలో పడిన ఆడమేకను పైకి తీసిన మేకపోతు, దాని వెంటా ఇతర మేకల వెంటా తిరుగుతూ, తన స్థితిని తాను తెలుసుకోలేని కథ అది. ఆ మేకపోతును తానేనని చెప్పి, పూరువుకు యౌవనాన్ని తిరిగి ఇచ్చి, వనానికి వెళతాడు.

ఈ కథలో రెండు అంశాలు ప్రస్తుత చర్చకు ముఖ్యం. మొదటిది తృప్తి లేకపోవడం. అనుభవం కోరికను చల్లార్చదన్న ఎరుకే ఈ కథకు కేంద్రం. ఐసీడీ-11 లక్షణాల్లో తృప్తి లేకపోయినా కొనసాగించడం ఒకటి. ఈ పోలిక యాదృచ్ఛికం కాకపోవచ్చు. సుఖం కోసం చేసే పని నుంచి సుఖమే జారిపోయిన తర్వాత కూడా ఆ పని మిగిలి ఉండటాన్ని రెండూ గుర్తించాయి. సంస్కృత మూలంలో యయాతి ఈ స్థితిని చెప్పడానికి వాడిన మాట ‘తృష్ణ’. వ్యసనం ఇతరులు బయటి నుంచి చూసి పెట్టే పేరు. తృష్ణ అనుభవించేవాడు లోపలి నుంచి చెప్పుకునే మాట. రాజనీతి గ్రంథాల పరిభాషకూ పురాణ కథనానికీ మధ్య ఈ భేదం విస్మరించరానిది.

అదే స్కంధంలోని సౌభరి కథను పక్కన పెడితే మరొక సూక్ష్మ భేదం తెలుస్తుంది. యమునా జలంలో తపస్సు చేస్తున్న సౌభరి చేపల దాంపత్యాన్ని చూసి సంసారం కోరి, మాంధాత కుమార్తెలు యాభై మందిని వివాహమాడతాడు. సంఖ్యను బట్టి చూస్తే ఇతని కామం యయాతి కామం కంటె అధికం. అయినా తన తపస్సు ఎక్కడ చెదిరిందో తానే విచారించుకుని వైదొలగుతాడు. అందుకోసం ఇతరుల ఆయువునో యౌవనాన్నో అరువడగడు. తీవ్రమైన కోరిక వేరు, అదుపు కోల్పోవడం వేరు అన్న వైద్యుల భేదం ఈ రెండు కథల మధ్య సుస్పష్టం.

రెండవ అంశం ఇప్పటి వరకు తక్కువగా గమనించినది. శర్మిష్ఠ యయాతి ఇంటికి వచ్చింది భార్యగా కాదు. రాజకుమార్తె అయిన ఆమె, దేవయానిని బావిలోకి తోసిన తప్పుకు దాసిగా మారి, చెలికత్తెలతో సహా దేవయాని వెంట అత్తవారింటికి వచ్చింది. సంతానం కోరి శర్మిష్ఠే రాజును అర్థించినట్లు భాగవత కథ చెబుతుంది. కాని దాసికి సంతానం పొందే మార్గం రాజును అర్థించడం తప్ప మరేదీ లేని పరిస్థితిని ఆ కథ ప్రశ్నించదు. యయాతి తృష్ణకు పురాణం లోతైన భాష ఇచ్చింది. శర్మిష్ఠ దాస్యానికి అటువంటి భాష ఇవ్వలేదు.

అజామిళుడు – పతనమా, సంసారమా?

భాగవత షష్ఠ స్కంధాన్ని తెలిగించినవాడు ఏర్చూరి సింగన. అజామిళోపాఖ్యానం ఆ స్కంధంలోనిది. తండ్రి పంపగా ఫలాలు, పుష్పాలు, సమిధలు తెచ్చేందుకు అడవికి వెళ్లిన అజామిళుడు, మద్యం మత్తులో ఉన్న ఒక జంటను చూసి చలిస్తాడు. తన చదువుతో, ధైర్యంతో మనసును నిలుపుకోవాలని ప్రయత్నించి విఫలమవుతాడు. ఆ దాసితో కాపురం పెట్టి, ధర్మపత్నిని విడిచి, తండ్రి సొమ్ము ఖర్చు చేసి, దొంగతనం, జూదం, మోసంతో కుటుంబాన్ని పోషిస్తాడు. పదిమంది కొడుకులలో కడపటివాడైన నారాయణుని మీద ప్రాణం పెట్టుకుంటాడు. మరణకాలంలో ఆ కొడుకును పిలిచిన పిలుపే అతనికి రక్ష అవుతుంది.

ఈ కథను ‘లైంగిక వ్యసన కథ’గా చదవడం సులభం. ప్రయత్నించి విఫలం కావడమనే లక్షణం అడవి ఘట్టంలో స్పష్టంగానే ఉంది. ఆ తర్వాతి జీవితం మాత్రం ఈ చదువుకు లొంగదు. ఒకే స్త్రీతో వృద్ధాప్యం వరకు కాపురం, పదిమంది పిల్లలు, కడపటి బిడ్డ మీద మమకారం ఉన్న జీవితంలో వ్యసనమని చెప్పదగినదేది? ధర్మపత్నిని విడవడం అన్యాయం. దొంగతనం నేరం. జూదం మరొక సమస్య. దాసితో సహజీవనం నాటి వర్ణధర్మం దృష్టిలో పతనం. ఈ నాలుగింటినీ కథ ఒకే పాపరాశిగా పోసింది. ‘వ్యసనం’ అనే మాట చేసే పని కూడా ఇదే. అదుపు తప్పడం, అన్యాయం చేయడం, కట్టుబాటు దాటడం అనే మూడు వేర్వేరు విషయాలను అది ఒకే పేరు కిందికి తెస్తుంది.

కట్టుబాటు కొలమానం సమాజాన్ని బట్టి మారుతుందనడానికి పాలకుర్తి నుంచే సాక్ష్యం దొరుకుతుంది. సోమనాథుని బసవపురాణంలో వేశ్యాలోలురైన మిండజంగాలు కనిపిస్తారు. బసవడు వారిని వ్యసనపరులుగా చూడడు. జంగమ రూపంలోని శివుడిగానే సేవిస్తాడు. వీరశైవ దృష్టిలో జంగమత్వమే ప్రమాణం. స్మార్త దృష్టిలో ఇదే ప్రవర్తనకు మరో తీర్పు వచ్చి ఉండేది. ప్రవర్తన ఒక్కటే అయినా, పేరు పెట్టే సమాజం మారితే పేరు మారుతుంది. సమాజంలో చెల్లుబాటయ్యే నైతిక, సామాజిక, సాంస్కృతిక విలువలకు, మత విశ్వాసాలకు అనుగుణంగా లేకపోవడాన్ని ఆధారంగా చేసుకుని మానసిక రుగ్మతను నిర్ధారించరాదని భారతదేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పడంలోని అవసరం ఇటువంటి పోలికలతో బోధపడుతుంది. కుల కట్టుబాటు దాటిన ప్రేమను ‘పిచ్చి’ అనీ ‘వ్యసనం’ అనీ పిలిచి వైద్యుని వద్దకు తీసుకువచ్చే కుటుంబం ఊహాజనితం కాదు.

అజామిళుని విషయంలో యమదూతలకూ విష్ణుదూతలకూ జరిగిన వాదం కూడా వర్గీకరణ వాదమే. చేసిన పనికి బాధ్యత వహించాలన్నది ఒకరి పక్షం, విముక్తికి మార్గం మూసివేయరాదన్నది మరొకరి పక్షం. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద యముని పేర కాళేశ్వర లింగం, శివుని పేర ముక్తేశ్వర లింగం ఉన్నాయి. మొదటి పూజ కాళేశ్వరునికి, తర్వాతి పూజ ముక్తేశ్వరునికి జరగడం అక్కడి ఆచారం. ముక్తేశ్వరుని దర్శనంతోనే అందరూ ముక్తులైపోతే తనకు పనిలేదని యముడు మొరపెట్టుకోగా ఈ ఏర్పాటు జరిగిందని స్థలపురాణం. బాధ్యతనూ విముక్తినీ పరస్పర విరుద్ధాలుగా కాక, క్రమం గల రెండు అంశాలుగా చూసే దృష్టి ఈ ప్రాంతపు సంప్రదాయంలో ఉందనడానికి ఇది నిదర్శనం. బాధ్యతను రద్దు చేయని చికిత్స, చికిత్సను నిరాకరించని బాధ్యత అన్న నేటి అవసరానికి ఇది దూరమైన ఆలోచన కాదు.

గడి – అదుపు తప్పని కామం

‘చిల్లర దేవుళ్లు’ నవల నిజాం పాలనలోని తెలంగాణ పల్లెను చిత్రించింది. సంగీతం తెలిసిన సారంగపాణి బయటి నుంచి ఆ పల్లెకు వస్తాడు. దొర గడి, వెట్టి, ఆడబాపల జీవితం అతని రాకతో పాఠకుని ముందు తెరుచుకుంటాయి. దొరల ఇళ్లలో పెండ్లికూతురి వెంట అరణంగా పంపిన దాసీలు ఆడబాపలు. ఇంటి చాకిరీతో పాటు దొర కోరికకూ, అతిథుల కోరికకూ లోబడి ఉండటం వారి విధి. శర్మిష్ఠ దేవయాని వెంట వచ్చిన తీరుకూ ఆడబాప దొరసాని వెంట వచ్చిన తీరుకూ నిర్మాణంలో భేదం లేదు. పురాణం మౌనం వహించిన చోట నవల మాట్లాడింది. ఆడబాపకు మనసు, కోరిక, దుఃఖం ఉన్నాయని చూపడం రంగాచార్య సాధించిన ప్రధాన విజయాలలో ఒకటి.

దొర ప్రవర్తనను ‘లైంగిక వ్యసనం’ అనవచ్చునా? స్త్రీల సంఖ్యను బట్టి, ప్రవర్తన కొనసాగిన కాలాన్ని బట్టి చూస్తే అనవచ్చుననిపిస్తుంది. సప్తవ్యసనాల పట్టిక తడుముకోకుండా అవుననే చెబుతుంది. నవలా కథనం మాత్రం అందుకు భిన్నమైన సమాధానం ఇస్తుంది. మానుకోవాలని దొర ప్రయత్నించి విఫలం కావడం అక్కడ లేదు. తృప్తి లేని వేదన లేదు. తన ప్రవర్తన వల్ల అతనికి నష్టమూ లేదు. నష్టమంతా ఆడబాపలదీ వారి బిడ్డలదీ. ఎవరిని పిలవాలో, ఎప్పుడు పిలవాలో, ఎవరి ముందు మర్యాదగా ఉండాలో అతనికి బాగా తెలుసు. అదుపు తప్పడం సంగతి అటుంచి, అక్కడున్నది సంపూర్ణమైన అదుపు. తన మీద కాక ఇతరుల మీద ఉన్న అదుపు అది. దీనికి రుగ్మత పేరు పెట్టడమంటే అధికారాన్ని అస్వస్థతగా మార్చి చూపడమే.

తెలుగులో అడిక్షన్‌కు వాడుకలో ఉన్న మరొక మాట ఇక్కడ పరిశీలించదగినది. ‘తాగుడుకు బానిస’, ‘జూదానికి బానిస’ అనడం పత్రికా భాషలో పరిపాటి. ఆంగ్ల ‘అడిక్షన్’ శబ్దానికి లాటిన్ మూలంలోనూ ఇటువంటి భావనే ఉంది. రోమన్ చట్టంలో అప్పు తీర్చలేక రుణదాతకు అప్పగింతైన మనిషిని ‘అడిక్టస్’ అనేవారు. ఈ రూపకం ప్రకారం దొరను ‘కామానికి బానిస’ అంటే, గడిలో నిజంగా అప్పగింతై వచ్చిన బానిస అయిన ఆడబాప కనుమరుగవుతుంది. బానిస అనే పేరు కూడా యజమానికే దక్కుతుంది. ఒక రూపకం ఎంత అన్యాయం చేయగలదో చెప్పడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కర లేదు.

ఈ ప్రాంత ప్రజలు గడికి ఇచ్చిన సమాధానం కూడా ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ భూమి పోరాటం, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య మరణం నేటి జనగామ జిల్లా చరిత్రలోనివి. ఆ పోరాటం దొరలను రోగులుగా చూడలేదు. దొరతనాన్ని ఒక వ్యవస్థగా గుర్తించి ఎదిరించింది. రుగ్మతకు చికిత్స అవసరం. పెత్తనానికి చట్టం, ప్రతిఘటన అవసరం. పేరు తారుమారైతే పరిష్కారం కూడా తారుమారవుతుంది.

పట్టికలోని స్త్రీ, నమూనాలోని మనిషి

పై పరిశీలనలో ఒక సమానాంశం ఉంది. యయాతి కథలో శర్మిష్ఠ దాసి. అజామిళ కథలో అతని సహచరి దాసి. గడిలో ఆడబాప దాసి. మూడు చోట్లా పురుషుడి కామం చర్చనీయాంశం కాగా, దాస్యంలో ఉన్న స్త్రీ ఆ చర్చకు సాధనం మాత్రమే అయింది. మూడవ రచన ఒక్కటే ఆ స్థితిని తలకిందులు చేసింది.

సప్తవ్యసనాల పట్టికకూ ఆధునిక అడిక్షన్ నమూనాకూ మధ్య శతాబ్దాల దూరం ఉంది. అయినా రెండింటి నిర్మాణంలో ఒకే లోపం కనిపిస్తుంది. అడిక్షన్ అనే భావన మొదట మద్యం, మాదకద్రవ్యాల వంటి పదార్థాల చుట్టూ రూపొందింది. దానిని లైంగిక ప్రవర్తనకు అన్వయించినప్పుడు పదార్థం ఉండే స్థానంలోకి ఎదుటి మనిషి వస్తుంది. సీసాకు నొప్పి లేదు, పాచికకు సమ్మతి లేదు. మనిషికి రెండూ ఉన్నాయి. తాగుబోతు సీసాకు క్షమాపణ చెప్పనవసరం లేదు. లైంగిక ప్రవర్తనలో ఎదుటి వ్యక్తి సమ్మతి, నష్టం, గౌరవం మొదటి ప్రశ్నలు. వ్యసన నమూనా ఆ ప్రశ్నలను నిషేధించదు, కాని వాటికి చోటు కల్పించే నిర్మాణం దానికి లేదు.

ఒంటరిగా అశ్లీల దృశ్యాలు చూడటానికే పరిమితమైన వ్యక్తి విషయంలో ఈ ఆక్షేపం వర్తించదని వాదించవచ్చు. ఎదుటి మనిషి నేరుగా లేని ఆ సందర్భంలో వ్యసన నమూనా మరింత పొసగుతుందన్న మాటలో కొంత నిజముంది. అయితే అక్కడ కూడా దృశ్యంలోని మనుషులు పదార్థాలు కారు. అంతేకాక, చూస్తున్నవాడి వేదనలో అదుపు తప్పడం వల్ల కలిగినదెంత, తప్పు చేస్తున్నానన్న నమ్మకం వల్ల కలిగినదెంత అన్నది విడదీయవలసిన అవసరం ఇటువంటి సందర్భాల్లోనే ఎక్కువ. ‘వ్యసనం’ అన్న తెలుగు మాట ఈ రెండింటినీ కలిపి ఉంచుతుంది కనుక విడదీయడానికి అది పనికిరాదు.

ప్రేరణ నియంత్రణ విభాగాన్ని ఎంచుకోవడంలో ఐసీడీ-11 చూపిన జాగ్రత్త ఇక్కడ అర్థవంతం. అది ప్రవర్తనకు విషయమైన వస్తువును బట్టి కాక, కర్తలోని అదుపు స్థితిని బట్టి వర్గీకరించింది. అప్పుడు రుగ్మత ఉన్నదా లేదా అన్నది ఒక ప్రశ్నగా, ఇతరులకు అన్యాయం జరిగిందా లేదా అన్నది మరొక ప్రశ్నగా విడివిడిగా నిలుస్తాయి. యయాతి వంటి వ్యక్తికి మొదటి ప్రశ్నకు అవుననీ, దొర వంటి వ్యక్తికి కాదనీ సమాధానం రావచ్చు. రెండవ ప్రశ్న ఇద్దరి విషయంలోనూ అడగవలసిందే.

పరిభాష గురించి

ఈ విశ్లేషణ ఆధారంగా తెలుగు పరిభాషకు రెండు సూచనలు చేయవచ్చు. ఒకటి, ‘కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్’కు ‘లైంగిక వ్యసనం’ అన్న అనువాదాన్ని పరిహరించాలి. ఐసీడీ-11 ఉద్దేశపూర్వకంగా వదిలిన అర్థాన్ని ఆ అనువాదం వెనుక ద్వారం గుండా తిరిగి తెస్తుంది. దాని స్థానంలో ‘అవశ లైంగిక ప్రవర్తన’ అనే పదబంధం పరిశీలించదగినది. ‘అవశం’ అంటే తన వశంలో లేనిది. ఇందులో దోషారోపణ లేదు, దోష విముక్తి కూడా లేదు. వైద్యునికీ రోగికీ మధ్య సంభాషణలో ‘వశం తప్పుతున్నదా?’ అని అడగడం ‘వ్యసనం ఉన్నదా?’ అని అడగడం కంటె సులభం, కచ్చితం. రెండు, సాహిత్య విమర్శలో పాత్రలకు వైద్య నిర్ధారణలు అతికించే ధోరణి పట్ల జాగ్రత్త వహించాలి. దొరను రోగిగా, అజామిళుని వ్యసనపరుడిగా పేర్కొనే విమర్శ ఆ రచనల్లోని అధికారాన్నీ వర్ణవ్యవస్థనూ చూడకుండా దాటిపోయే ప్రమాదం ఉంది.

ముగింపు

అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన ఉన్నది. అది కొందరికి తీవ్రమైన బాధ. దానికి చికిత్స అవసరం. యయాతి కథ ఈ బాధను శతాబ్దాల క్రితమే తెలుగులో గంభీరంగా పలికించింది. అయితే దానిని వ్యసనంగా వర్గీకరించడం, ముఖ్యంగా తెలుగులో ఆ పేరు పెట్టడం, సమర్థనీయం కాదని ఈ పరిశీలనలో తేలింది. ఆ మాట రాజుల నష్టాన్ని కొలిచే పట్టిక నుంచి వచ్చింది. కట్టుబాటు దాటడాన్నీ అదుపు తప్పడాన్నీ అది వేరు చేయదు. స్త్రీని మద్యంతో, పాచికలతో సమానంగా నిలబెడుతుంది. పెత్తనం చెలాయించేవాడికి బాధితుడి ముఖాన్ని అరువిస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఆసుపత్రుల్లో తన బాధను తెలుగులో చెప్పుకోవడానికి వచ్చిన మనిషికి అవమానం లేని మాట అవసరం. ఆ మనిషి వల్ల నష్టపోయినవారు ఉంటే, వారిని మరుగుపరచని మాట కావడం కూడా అంతే అవసరం. అటువంటి మాటలను వెదికి స్థిరపరచడం వైద్యశాఖ ఒక్కదాని పని కాదు. తెలుగు శాఖల పరిశోధనకు కూడా అది తగిన కార్యక్షేత్రం.